ఎగిరే మావ మీద నా తీర్పు

అరవైల చివర్లో ఒక ఆదివారం సాయంత్రం టెక్కలి గ్రంథాలయంలో నేను జడ్జీగా కూర్చున్నాను. ముద్దాయి మద్రాసులో ఉండే ఒక రచయిత. తన మీద విచారణ జరుగుతోందని ఆయనకు తెలియదు. ఒక వారపత్రిక చివరి పేజీల్లో వచ్చే బొమ్మల కథను దాదాపు ఎనిమిదేళ్ళు రాసి, అందులోని వీరుణ్ణి పాడుచేశాడని ఆయన మీద అభియోగం. నాకప్పటికి ఇరవై దాటి రెండు మూడేళ్ళయి ఉంటుంది. పలాసలో ఆడపిల్లల బడిలో టీచరుగా చేరి ఏడాది తిరగలేదు. ఆ కుర్చీలో కూర్చోవడానికి నాకంటే తగిన మనిషి ఆ చుట్టుపక్కల లేరని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను.

ముందు ఆ వీరుడి సంగతి చెప్పాలి. పగలు పట్నంలో ఒక చిన్న కొట్లో కూర్చుని గడియారాలు బాగుచేస్తాడు. ఎక్కడైనా ఆపద వచ్చిందని తెలిస్తే ముఖానికి ముసుగు కట్టుకుని, నీలం శాలువా భుజాన వేసుకుని ఆకాశంలోకి లేస్తాడు. రైలింజనును చేత్తో ఆపుతాడు, మేడను భుజంతో నిలబెడతాడు. పత్రికవాళ్ళు ఆయనకు గంభీరమైన సంస్కృతం పేరొకటి పెట్టారు. మా ఉద్దానం పిల్లలకు అది నోరు తిరగలేదు. వాళ్ళు ఎగిరే మావ అన్నారు. పెద్దవాళ్ళూ అదే అలవాటు చేసుకున్నారు.

ఆ కథను మొదలుపెట్టిన రచయిత వేరే. ఆయన రాసినన్నాళ్ళూ మావకు ఓటమి లేదు. ఒక వారం మాంత్రికుడు, ఇంకో వారం దొంగల ముఠా, ఎవరొచ్చినా ఆఖరి బొమ్మలో నేలమీద పడుంటారు. తర్వాత ఆయన మానేశాడు. ఎందుకు మానేశాడో పత్రిక చెప్పలేదు. ఆ చోటికి వచ్చినవాడే మా ముద్దాయి. ఈయన వచ్చాక మావ మారిపోయాడు. ఆలోచించడం మొదలుపెట్టాడు, వెనకాడాడు, ఒకసారి ఏడ్చాడు కూడా. దాంతో మా వైపు చదివేవాళ్ళు రెండు జట్లయ్యారు.

ఒక జట్టుకు పెద్ద మా బావ. మేనత్త కొడుకు. పలాస స్టేషన్లో బుకింగ్ క్లర్కు. పత్రికల కట్ట రైల్లో దిగగానే దుకాణానికి చేరకముందే ఒక ప్రతి ఆయన చేతిలో ఉండేది. రెండో రచయితంటే ప్రాణం. మొదటి రచయితే గొప్పనే జట్టుకు పెద్ద టెక్కలి హైస్కూల్లో తెలుగు మేష్టారు. నాకు చదువు చెప్పినాయన. బొమ్మల కథ చదువుతానని బయట ఒప్పుకునేవారు కాదు గాని, ఒక్క వారం తప్పేవారు కాదు. బావ సెలవు రోజున టెక్కలి వచ్చాడంటే గ్రంథాలయంలో ఇద్దరికీ వాదన మొదలయ్యేది. పేపరు చదువుకునేవాళ్ళు లేచి వెళ్ళిపోయేవారు.

ఈ గోల పడలేక గ్రంథాలయం సెక్రటరీ గారు ఒక ఉపాయం ఆలోచించారు. తాలూకా ఆఫీసులో పెద్ద గుమాస్తాగా పనిచేసి రిటైరైన మనిషి. ఏ గొడవనైనా ఒక పద్ధతిలో పెట్టి ముగించడం ఆయనకు అలవాటు. గ్రంథాలయం వార్షికోత్సవం రోజున ఈ రచయిత మీద విచారణ పెడదామన్నారు. మేష్టారు అభియోగం చెప్పాలి, బావ ముద్దాయి తరఫున మాట్లాడాలి. మరి జడ్జీ ఎవరు? ముందు ఒక వకీలు గారిని అనుకున్నారు. ఆయన ఆ కథ ఒక్క వారం కూడా చదవలేదట. అప్పుడు నన్ను పిలిపించారు.

"ఆయనకి శిష్యురాలివి, ఈయనకి మరదలివి. ఇద్దరూ నీకైతే ఒప్పుకుంటామన్నారమ్మా," అన్నారు సెక్రటరీ గారు.

"కూర్చుంటానండి. కాని మొదటి నుంచీ అన్నీ వరసగా చదివాకే తీర్పు చెబుతాను," అన్నాను.

పక్కనున్న మేష్టారు నవ్వారు. "బొమ్మల కథకి అంత చదువేటమ్మా? అందరికీ గుర్తున్నదే కదా."

"గుర్తున్నది వేరు, రాసింది వేరు మేష్టారూ. మీరే చెప్పారు బళ్ళో."

 దసరా సెలవుల తర్వాత సభ అని నిర్ణయమైంది.

సెలవులకు మా ఊరు వెళ్ళాను. వజ్రపుకొత్తూరు దగ్గర, కొబ్బరితోటల మధ్య చిన్న ఊరు. మా నాన్న వ్యవసాయం చేసేవాడు. చదివింది తక్కువే గాని, ఇంట్లోకి వచ్చిన కాగితం పారేయడం ఆయనకు చేతకాదు. పత్రికల్లోంచి ఆ పేజీలు కోయించి, ఏడాదికొకటి చొప్పున పలాసలో బైండు చేయించి అటక మీద పెట్టాడు. తుఫానుకు పెంకులు లేచిన ఏడు ఒక పుస్తకం మాత్రం తడిసి అట్టకట్టింది. అందులో పోయిన వారాలు పలాసలో మా అత్తయ్య ఇంట్లో, అంటే బావ వాళ్ళింట్లో దొరికాయి.

పుస్తకాలన్నీ దింపి జీడితోటలో చాప వేసుకుని కూర్చున్నాను. మా మామ్మ, అంటే నాన్న తల్లి, కర్ర ఊతంతో వచ్చి పక్కన చేరింది.

"ఏటే గుంటా, ఇన్ని పుస్తకాలు కిందేసినావు, మళ్ళీ పరీచ్చ రాత్తావేటి?"

"పరీక్ష కాదు మామ్మా. తీర్పు చెప్పాలి."

"ఎవుల మీద?"

"ఎగిరే మావను రాసినాయన మీద."

"ఆయనేటి సేసినాడు పాపం?"

"అదే చదివి తెలుసుకోవాలి."

"అలగైతే పైకి సదువు. నానూ ఇంటాను."

సెలవులంతా అలాగే గడిచాయి. పొద్దున్న మొదలుపెడితే ఎండ చాప మీదికి వచ్చేదాకా చదివేదాన్ని. మళ్ళీ చల్లబడ్డాక కూర్చునేదాన్ని. వారం వారం విడిగా చదివినప్పుడు తెలియనిది అన్నీ ఒక్కచోట చదివితే తెలిసింది. రెండో రచయిత మొదటి ఏడాది ఊరికే మొదటాయన్ని అనుకరించాడు. ఆ కథల్లో మామ్మ కునికిపాట్లు పడింది, నేనూ పడ్డాను. తర్వాత ఎక్కడో ఆయనకు ధైర్యం వచ్చింది. గడియారాల కొట్టును కథలోకి తెచ్చాడు. అంతకుముందు ఆ కొట్టు మావ ముసుగు కట్టుకునే చోటు మాత్రమే. ఈయన వచ్చాక అక్కడికి మనుషులు రావడం మొదలైంది. ఒక ముసలాయన మావ ఎవరో కనిపెట్టి కూడా చెప్పకుండా, పాడవని గడియారాన్ని బాగుచేయమని తెచ్చి కాసేపు కూర్చుని వెళ్ళేవాడు.

తర్వాత వరద కథ వచ్చింది. నది పొంగుతుంది. రెండు ఇళ్ళ కప్పుల మీద మనుషులు అరుస్తుంటారు. మావ శాలువా తడిసి బరువెక్కింది. ఒక్కసారి ఎగరగలడు, రెండోసారి సంగతి తెలియదు. దగ్గరున్న కప్పు మీది వాళ్ళను గట్టుకు చేర్చి వెనక్కి వచ్చేసరికి రెండో కప్పు లేదు. ఆ తర్వాత చాలా వారాలు మావ ఎగరలేదు. కొట్లో కూర్చుని చిన్న స్క్రూ బిగించబోతే చెయ్యి వణికేది. ఆ వారాల్లోనే పాఠకులకు కోపం వచ్చింది. నేను చదవడం ఆపి మామ్మ వైపు చూశాను. ఆమె కళ్ళు కొంగుతో తుడుచుకుంటోంది.

"ఆపేసినావేటి? సదువు," అంది.

మామ్మ మాటలన్నిటినీ నేను లెక్కలోకి తీసుకోలేదు. చివరి రెండేళ్ళ కథల్లో మావ చందమామ మీదికి వెళ్తాడు, ఆయనకొక కవల తమ్ముడు పుట్టుకొస్తాడు, మాటిమాటికీ జ్ఞాపకం పోయి మళ్ళీ వస్తుంది. మామ్మకు చందమామ కథ తెగ నచ్చింది. "అన్నిట్లోకీ ఇదే బావుందే," అంది. నాకు మాత్రం అది అలిసిపోయిన చెయ్యి రాసినట్టు స్పష్టంగా కనిపించింది. పాత్రలు తమకు ముందే తెలిసిన సంగతులను ఒకరికొకరు చెప్పుకోవడం మొదలుపెడితే రాసేవాడి దగ్గర సరుకు అయిపోయిందన్నమాట. ఆ మాట అంటే మామ్మ ఒప్పుకోలేదు. ఇద్దరం ఎవరి అభిప్రాయం మీద వాళ్ళం ఉండిపోయాం.

సెలవులై పలాస వచ్చేసరికి అత్తయ్య ఇంట్లో నా మీద ఒక కన్నుంది. నేను ఉండేది వాళ్ళింట్లోనే. బావకూ నాకూ సంబంధం అనుకుంటున్నారని ఊళ్ళో అందరూ ఎరుగుదురు. కాబట్టి నా తీర్పు ఎటో ముందే తేలిపోయిందని చెప్పుకున్నారు. బావ కూడా అలాగే ధీమాగా ఉన్నాడు.

"ఏటి, సదివీసినావా అంతా? మనోడు గెలిసీసినట్టేనా?" అన్నాడు భోజనాల దగ్గర.

"సభలో చెబుతాను."

"నాకు సెప్పడానికేటి?"

"నువ్వు వకీలువి. వకీలుకు ముందే చెబితే జడ్జీ దేనికి?"

అత్తయ్య నవ్వింది. బావ నవ్వలేదు.

ఈలోగా సెక్రటరీ గారు ఒక పని చేశారు. సభకు జనం రావాలని సొంత దస్తూరితో పెద్ద కాగితాల మీద రాసి బస్టాండు గోడలకు అంటించారు. బహిరంగ విచారణ, ముద్దాయి హాజరు కాకపోయినా తీర్పు చెప్పబడును, అందరూ తరలి రండి అని. కథ గురించి ఒక్క ముక్క లేదు. చదివినవాళ్ళకు ఆసక్తి పుట్టాలని అలా రాశారట. ఆ రోజుల్లో మా వైపు పరిస్థితి వేరు. కొండల్లోనూ ఉద్దానంలోనూ నక్సలైట్ల గొడవలు, ప్రజాకోర్టులు నడుస్తున్నాయి. పోలీసు వ్యాన్లు రోడ్ల మీద తిరుగుతుండేవి. నలుగురు ఒకచోట చేరితే ఎందుకు చేరారని అడిగేవారు. విచారణ, తీర్పు అన్న మాటలు గోడకు అంటించడం ఎంత తెలివితక్కువ పనో మాలో ఒక్కరికీ తట్టలేదు.

సభ రోజున హాలు నిండింది. కిటికీల్లో కూడా మనుషులు నిలబడ్డారు. నా ముందు బల్ల మీద నాన్న బైండు చేయించిన పుస్తకాలు పెట్టుకున్నాను. మేష్టారు లేచి గొంతు సవరించుకున్నారు. అంతలో బయట వ్యాను ఆగింది. ఎస్సై, వెనక ఇద్దరు కానిస్టేబుళ్ళు లోపలికి వచ్చారు. కిటికీల దగ్గర మనుషులు మాయమయ్యారు. లోపల కూర్చున్నవాళ్ళు కదల్లేదు. 

"ఏం సభ ఇది? ఎవరు పెట్టారు?" అన్నాడు ఎస్సై. దక్షిణం జిల్లాల నుంచి బదిలీ మీద వచ్చినట్టు మాటలోనే తెలుస్తోంది.

సెక్రటరీ గారు లేచారు. "వార్షికోత్సవమండి... గ్రంథాలయం..." అని ఆగిపోయారు. కుర్చీ వీపు పట్టుకున్నారు.

"విచారణ అని రాశారే గోడ మీద? ముద్దాయి ఎవరు?"

 ఆ కుర్చీలో కూర్చున్నది నేను. జవాబు చెప్పవలసిందీ నేనే అనిపించింది.

"ముద్దాయి ఒక రచయితండి. మద్రాసులో ఉంటారు," అన్నాను.

"ఏం చేశాడు?"

"గాల్లో ఎగిరే వీరుడొకడున్నాడండి. వాణ్ణి పిరికివాణ్ణి చేశారని అభియోగం." వరద కథ ఉన్న పుస్తకం తెరిచి ఆయన వైపు తిప్పాను.

ఆయన బొమ్మల వైపు చూశాడు, నా వైపు చూశాడు. "మీరెవరు?"

"జడ్జీనండి."

 ఎస్సై పకపకా నవ్వాడు. కానిస్టేబుళ్ళు నవ్వారు. చివరికి హాలంతా నవ్వింది, సెక్రటరీ గారు తప్ప. ఆయన ఇంకా కుర్చీ వీపు పట్టుకునే ఉన్నారు. ఎస్సై ఆ పుస్తకం తీసుకుని వెనక బెంచీ మీద కూర్చున్నాడు. "కానివ్వండి. ఏం తేలుతుందో నేనూ చూస్తాను," అన్నాడు.

మేష్టారి వాదన చక్కగా సాగింది. కథానాయకుడికి ఉండవలసిన లక్షణాలు ఒక్కొక్కటీ చెప్పి, అవన్నీ మొదటి రచయిత మావలో ఉన్నాయని, రెండో ఆయన వాటిని ఊడబెరికి, కొట్లో కూర్చుని కన్నీళ్ళు పెట్టుకునే మనిషిని మిగిల్చాడని అన్నారు. "పిల్లలు ఆకాశం వైపు చూసి ధైర్యం తెచ్చుకునేవారు. ఇప్పుడు ఎవరి వైపు చూడాలి?" అన్నారు. చప్పట్లు పడ్డాయి. బావ వాదన ప్రేమతో నిండింది గాని దానికి ఎముకలు లేవు. వారం వారం, సంవత్సరాల తరబడి రాసిన మనిషికి నాలుగు కథలు చెడితే చెడతాయని, మంచివాటిని చూసి మిగతావి క్షమించాలని అన్నాడు. వరద కథను చేతులూపుతూ ఆడి చూపించాడు. అదీ జనానికి నచ్చింది.

ఇక నేను మాట్లాడాలనుకునేలోగా వెనక నుంచి ఎస్సై లేచాడు. "ఒక్క మాట. ఇతను ముసుగేసుకుని దొంగల్ని పట్టిస్తాడు. బాగుంది. కోర్టులో సాక్ష్యం ఎవరు చెబుతారు? సాక్షి పేరు, ఊరు చెప్పకపోతే నా కేసు ఆ రోజే కొట్టేస్తారు. ఈ కథ రాసినవాళ్ళకు ఆ మాత్రం తెలియదా?"

అందరూ బావ వైపు చూశారు.  దానికి జవాబు చెప్పే కథ ఒకటుందని ఆయనకు గుర్తు లేదు. నాకు గుర్తుంది.

"రెండో రచయిత అది రాశారండి," అని వరదకు ముందు ఏడాది పుస్తకం తీశాను. ఆ కథలో మావ పట్టిచ్చిన దొంగ సాక్షి లేక విడుదలవుతాడు. ముసుగు తీసి పేరు చెప్పాలా వద్దా అని మావ కోర్టు గుమ్మం దాకా వెళ్ళి నిలబడతాడు. లోపలికి వెళ్ళలేక వెనక్కి తిరుగుతాడు. ఆ పేజీ చదివి వినిపించాను.

మేష్టారు లేచారు. "జడ్జీ గారే సాక్ష్యం చెప్తే ఎలగమ్మా? ఏ చట్టంలో ఉంది?"

"సాక్ష్యం చెబుతున్నది పుస్తకం మేష్టారూ. నేను పేజీ తిప్పాను, అంతే."

ఎస్సై తల ఊపి కూర్చున్నాడు. నేను లేచి నిలబడి తీర్పు చెప్పాను. కాగితం మీద రాసుకోలేదు. ఇప్పటికీ దాదాపు ఆ మాటల్లోనే చెప్పగలను.

"మొదటి రచయిత చేతిలో మావ రైలింజను ఆపినప్పుడు నేను ఇంజనును చూసి ఆశ్చర్యపోయాను గాని మావను చూసి కాదు. ఆయనకు ఏమీ కాదని నాకు ముందే తెలుసు. బలం ఉన్నవాడు బలం చూపించడంలో గొప్పేముంది? వరద తర్వాత మావ మళ్ళీ మొదటిసారి మేడ అంచున నిలబడినప్పుడు, దూకుతాడో లేదో నాకు తెలియలేదు. దూకాడు. మేష్టారు అడిగిన ధైర్యం ఆ బొమ్మలో ఉంది. కాబట్టి వీరుణ్ణి పాడుచేశాడన్న నేరం నిలబడదు. మొదటి రచయిత ఈయన చేతికిచ్చింది ఉత్త శాలువా. అందులో మనిషిని పెట్టింది ఈయనే."

బావ ముఖం వెలిగిపోయింది. నేను ఆగలేదు.

"ఎక్కువ రాశాడు గనక క్షమించమన్న మాట కూడా నిలబడదు. ఈ వారం రాసినవాడికి ఓపిక లేదని చదివేవాడికి ఎవరూ చెప్పరు. వాడు ఎప్పటి ఆశతోనే పేజీ తిప్పుతాడు. చివరి రెండేళ్ళలో కవల తమ్ముడూ, చందమామా, జ్ఞాపకం పోవడాలూ చెప్పడానికి ఏమీ లేక చెప్పినవి. చెప్పవలసింది అయిపోయాక కూడా కుర్చీ వదలకపోవడం నేరం. ఆ నేరం రుజువైంది."

"ఆ నేరం నేను మోపనేలేదే!" అన్నారు మేష్టారు.

"మోపవలసింది మేష్టారూ."

హాలు గొల్లుమంది. శిక్ష ఏమిటని ఎవరో అరిచారు. ఒక ఏడాది ఏమీ రాయకుండా ఊరికే కూర్చోవడం అన్నాను. సెక్రటరీ గారు అప్పటికి తేరుకుని వందన సమర్పణ చేశారు. వెళ్ళేముందు ఎస్సై ఆయన్ని పిలిచి, గోడల మీది కాగితాలు వెంటనే పీకించమని చెప్పాడు. నా దగ్గరికి వచ్చి వరద పుస్తకం చదివి పంపుతానని అడిగాడు. ఇచ్చాను. కొన్నాళ్ళకు ఒక కానిస్టేబుల్ దాన్ని అత్తయ్య ఇంటికి తెచ్చిచ్చాడు. రెండో కప్పు లేని పేజీ దగ్గర ఒక అగ్గిపుల్ల పెట్టి ఉంది.

తిరిగి వచ్చేటప్పుడు పలాస బస్సులో బావ నా పక్కన కూర్చోలేదు. ముందు సీట్లో కూర్చుని కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. పలాసను ఆనుకుని ఉన్న కాశీబుగ్గలో దిగాక నా వైపు తిరిగాడు.

"అందరి ముందూ నన్ను ఎదవని సేసీసినావు."

"నిన్నేం అనలేదు బావా. నీ వాదననన్నాను."

"కోర్టు కథ నీకు గుర్తుంది, నాకు లేదు. అదే కదా?"

"మళ్ళీ చదువు. గుర్తుంటాది."

చాలా రోజులు ముభావంగా ఉన్నాడు. నేను బతిమాలలేదు. తీర్పు మార్చడానికి నాకు కారణం కనిపించలేదు, కోపం పోగొట్టడానికి అబద్ధమాడే అలవాటూ లేదు. ఒక సెలవు రోజున ఆయనే మా ఊరు వెళ్ళి, అటక ఎక్కి, పుస్తకాలన్నీ దించుకుని చదవడం మొదలుపెట్టాడట. మామ్మ మళ్ళీ పక్కన చేరిందట. తిరిగొచ్చి, "చివర్లో పాడైపోనాడే, నిజిమే," అన్నాడు. మరుసటి ఏడు మా పెళ్ళయింది.

పెళ్ళయిన కొద్ది నెలలకు పత్రిక రచయితను మార్చింది. మా తీర్పు మద్రాసు దాకా వెళ్ళిందని ఎవరైనా అంటే నేను నమ్మను. ఆయనే అలిసిపోయి ఉంటాడు. మూడో ఆయన వస్తూనే మావను పాత మావను చేయబోయాడు. మొదటి వారంలోనే మావ నిద్రలేచి, వరదంతా ఒక పీడకల అనుకుంటాడు. ఇక భయం లేదు, వణుకు లేదు, మళ్ళీ రైలింజను.

ఆ పత్రిక వచ్చిన మర్నాడు పొద్దున్నే మా వాకిట్లో తెలుగు మేష్టారు నిలబడి ఉన్నారు. టెక్కలి నుంచి మొదటి బస్సు పట్టుకుని వచ్చారు. చేతిలో పత్రిక గొట్టంలా చుట్టి ఉంది. నేను కాఫీ ఇస్తే తీసుకోలేదు.

"కలంటాడేటమ్మా! ఆ రెండో కప్పు మీద మనుషులు కలేటి? అంతమంది ఏడిసినాం, అదంతా కలేటి? ఈడి మీద విచారణ పెట్టాల. వెంటనే పెట్టాల."

మావకు భయం ఉండకూడదని హాలు నిండా జనం ముందు వాదించిన మనిషి. లోపల బావ స్నానం మధ్యలో ఆపి ఈ మాటలు వింటున్నాడని నాకు తెలుసు. మేష్టార్ని కూర్చోమన్నాను.

"పెడదాం మేష్టారూ. కాని ఒక్క వారం చూసి తీర్పు చెప్పను. ఏడాది రాయనివ్వండి. అప్పుడు చదివి కూర్చుంటాను."

"ఏడాదా! అంతవరకూ నేనాగలేను."

"అయితే ముందు కాఫీ తాగండి," అన్నాను. ఈసారి తీసుకున్నారు.